కాశీ దారికి కాశ్మీరు నంబరు

2010లో కేంద్ర ప్రభుత్వం జాతీయ రహదారుల నంబర్లన్నీ మార్చేసింది. ఉత్తర దక్షిణాలుగా పోయే దారులకు సరి సంఖ్యలు, తూర్పు పడమరలుగా పోయేవాటికి బేసి సంఖ్యలు అని ఒక పద్ధతి పెట్టింది. ఆ లెక్కన శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా సుమారు 3,750 కిలోమీటర్ల దారికి 44 వచ్చింది. దేశంలో ఇంతకన్నా పొడవైన జాతీయ రహదారి లేదు. పోటీ పరీక్షల గైడుల్లో ఇది అనాదిగా ఉన్న ఒకే దారి అన్నట్టు కనిపిస్తుంది గాని, విప్పి చూస్తే ఏడు ముక్కలు. శ్రీనగర్ నుంచి జలంధర్ దాకా పాత 1ఏ, అక్కణ్ణుంచి ఢిల్లీకి 1, ఢిల్లీ నుంచి ఆగ్రాకు 2, ఆగ్రా నుంచి గ్వాలియర్‌కు 3, గ్వాలియర్ నుంచి ఝాన్సీకి 75, ఝాన్సీ నుంచి మధ్యప్రదేశ్‌లోని లఖ్‌నాదౌన్‌కు 26, ఆ కింద కన్యాకుమారి దాకా 7. ఇందులో చివరి ముక్కే అన్నిటికన్నా పెద్దది, మన ఊళ్ళ మీదుగా వచ్చేదీ అదే. అయితే ఆ పాత 7 లఖ్‌నాదౌన్‌లో మొదలయ్యేది కాదు. వారణాసిలో మొదలై మిర్జాపూర్, రీవా, జబల్‌పూర్ మీదుగా దిగి, సుమారు 2,370 కిలోమీటర్లు నడిచి కన్యాకుమారిలో ఆగేది. కొత్త లెక్క దాని మొండెం ఉంచుకుని తల తీసేసింది. దక్కను నడుమ నుంచి పోయే ఈ దారి పుట్టుక చూస్తే, అది చూసింది గంగ వైపు. ఢిల్లీ వైపు, కాశ్మీరు వైపు దాని ముఖం తిప్పింది గత ఎనభై ఏళ్ళ రాజకీయం.

ఇందుకు మంచి సాక్ష్యం తెలుగులోనే ఉంది. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రిటరుగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో పరివారంతో కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. ఆయన రాసుకున్న కాశీయాత్ర చరిత్రలో మజిలీ మజిలీకీ లెక్క ఉంది. ఏ ఊళ్ళో అంగళ్ళున్నాయి, ఎక్కడ నీళ్ళు మంచివి, ఎక్కడ దిగడానికి వసతి ఉంది, ఏ వాగు బోయీలను ఇబ్బంది పెట్టింది అన్నీ ఉన్నాయి. తిరుపతి, కడప, శ్రీశైలం మీదుగా హైదరాబాదు చేరి, అక్కణ్ణుంచి నిర్మల్, నాగపూర్, జబల్‌పూర్, మిర్జాపూర్, ప్రయాగ దాటి కాశీ చేరారు. వచ్చేటప్పుడు గయ, కలకత్తా, జగన్నాథం చూసుకుని కోస్తా వెంట దిగారు. అంటే హైదరాబాదు నుంచి పోయింది దాదాపు పాత 7 మీద, వచ్చింది కోస్తా వెంట పోయే నేటి 16 మీద. ఒక్కడు నడిచినంత మాత్రాన అది రహదారి అవుతుందా అని అడగవచ్చు. నిజమే, కాదు. కానీ అంత పరివారంతో, పల్లకీ మోసే బోయీలతో కదిలే మనిషి తిండి, నీరు దొరుకుతాయని ముందే తెలిసిన దారినే పడతాడు. ఆయన కొత్తదారి వెతుక్కోలేదు. వాడుకలో ఉన్నదాన్ని నమోదు చేశారు.

ఆ వాడుక యాత్రికుల వల్ల మాత్రమే వచ్చింది కాదు. 19వ శతాబ్దం మొదట్లో బేరారు పత్తికి పెద్ద సంత మిర్జాపూర్. ఇప్పటి మహారాష్ట్రలోని అమరావతి, హింగన్‌ఘాట్ ప్రాంతాల పత్తిని ఎద్దుల వీపున వేసుకుని లంబాడీల బిడారాలు వందల మైళ్ళు నడిపించి గంగ ఒడ్డున దింపేవి. అక్కణ్ణుంచి పడవల్లో తూర్పుకు పోయేది. నల్లరేగడి నేలలో వాన పడితే బండి కదలదు, ఎద్దు కాలూ లేవదు, తడిసిన పత్తి ఎందుకూ కొరగాదు. కాబట్టి ఈ రవాణా అంతా ఎండాకాలపు పని. జబల్‌పూర్ నుంచి మిర్జాపూర్ దాకా ఇంగ్లీషువాళ్ళు గట్టిచేసి, గ్రేట్ డెక్కన్ రోడ్డు అని పిలిచింది ఈ బాటనే. సొమ్ము కదిలే దారి కనకే దోపిడీగాళ్ళూ దాని మీదే కాచుకున్నారు. థగ్గుల మీద ఇంగ్లీషు అధికారి స్లీమన్ నడిపిన వేటకు జబల్‌పూర్ కేంద్రం కావడం యాదృచ్ఛికం కాదు. కాశీకి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒక్కటే అన్న మన సామెతలో అతిశయోక్తి అనుకున్నంత లేదు. ఈ దారి బలాన్ని తగ్గించింది రైలు. 1867లో బొంబాయి రైలు నాగపూర్ చేరింది, 1870లో జబల్‌పూర్ దగ్గర బొంబాయి, కలకత్తా మార్గాలు కలిశాయి. పత్తి పడమటి రేవుకు మళ్ళింది, మిర్జాపూర్ వెనకబడింది.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది. ఢిల్లీ నుంచి దక్కనుకు దారి లేకపోతే తుగ్లక్ దౌలతాబాదుకు ఎలా వచ్చాడు, ఔరంగజేబు గోల్కొండ మీదికి ఎలా దిగాడు అని. దారి ఉంది, అది చాలా పాతది కూడా. అయితే అది ఈ దారి కాదు. మొఘలుల పెద్దబాట ఆగ్రా, గ్వాలియర్ దాటాక నైరుతికి తిరిగి, సిరోంజ్ మీదుగా నర్మద దాటి, బుర్హాన్‌పూర్ చేరి, ఔరంగాబాదు దిక్కుగా దిగేది. దక్కనుకు వాకిలి బుర్హాన్‌పూర్, దాని తాళం పక్కనున్న అసీర్‌గఢ్ కోట. నేటి 44 నడిచే సివనీ, నాగపూర్ అప్పట్లో ఆ బాటకు బాగా తూర్పున, గోండు రాజుల అడవి సీమల్లో ఉండేవి. నాగపూర్ పెద్ద ఊరు అయింది 18వ శతాబ్దంలో, భోంస్లేల చేతుల్లో. అక్కడి జీరో మైలు రాయి మీద చెక్కిన పేర్లు చూడండి: సివనీ, జబల్‌పూర్, రాయపూర్, చందా. హైదరాబాదు కూడా ఉంది, 318 మైళ్ళని. ఢిల్లీ లేదు. దేశం నడిబొడ్డు అని చూపించే రాయి, తన దూరాలు లెక్కపెట్టేటప్పుడు ఢిల్లీని పట్టించుకోలేదు.

దారి ఎటు పోవాలో నేల చెబుతుంది, మనిషి చేసేదేముంది అనేది రెండో వాదన. మన భాగం చూస్తే ఇందులో సగం నిజం తెలుస్తుంది. పైన్‌గంగ దాటి ఆదిలాబాదులోకి అడుగుపెట్టేసరికి నేల రేగడే. ఇచ్చోడ, నేరడిగొండ మెట్ట మీద టేకు అడవి. అక్కణ్ణుంచి నిర్మల్ ఘాట్‌లో మలుపు మీద మలుపుగా పాత దారి గోదావరి లోయలోకి దిగుతుంది. సోన్ దగ్గర గోదావరి దాటితే ఆర్మూరు గుండురాళ్ళు మొదలు. ఇక కామారెడ్డి మీదుగా హైదరాబాదు దాకా చెలక నేల, చెరువులు, రాతిగుట్టలు. దక్షిణాన జడ్చర్ల, కొత్తకోట దాటి బీచుపల్లి దగ్గర కృష్ణ, కర్నూలు దగ్గర తుంగభద్ర, పామిడి దగ్గర పెన్న.  ఎండాకాలంలో ఈ నదుల్ని చాలాచోట్ల బండ్లు దిగి దాటేవి, వానాకాలంలో పుట్టి ఎక్కాల్సిందే. సోన్ వంతెన నిజాం కాలంలో వచ్చింది, బీచుపల్లి వంతెన స్వాతంత్ర్యం వచ్చాకే. కనక నదిని ఏ రేవులో దాటాలి, కొండను ఏ కనుమలో దిగాలి అన్నది నేలే తేల్చింది, సందేహం లేదు. కానీ ఆ రేవూ ఈ రేవూ కలుపుతూ గీసిన గీత ఎవరిది? కాజీపేట, బల్లార్షా మీదుగా 1920ల చివరికి పూర్తయిన రైలుమార్గం ఇదే నాగపూర్ దిక్కుకు ఇంకో దారి పట్టింది. నిర్మల్ వైపు రానేలేదు. ఆర్మూరు నుంచి నిర్మల్ మీదుగా ఆదిలాబాదుకు ఇప్పటికీ రైలు లేదు. రెండూ సాధ్యమే అన్నమాట. నేల ఒకటి కంటే ఎక్కువ దారులు ఇస్తుంది, ఎంచుకునేది మనిషే.

హైదరాబాదు కింది భాగం కాశీదారి అని నేననను. వీరాస్వామయ్య వచ్చింది కడప, శ్రీశైలం మీదుగా. కర్నూలు, గుత్తి, అనంతపురం, పెనుకొండ మీదుగా బెంగళూరు చేరే బాట కోటల మధ్య బాట. 1565 తర్వాత విజయనగర రాజులు తలదాచుకున్న పెనుకొండా, మురారిరావు ఏలిన గుత్తీ దాని మీదే ఉన్నాయి. 1800లో నిజాం దత్తమండలాలను కంపెనీకి వదిలేశాక ఈ సీమ కలెక్టరు మన్రో కిందికి వచ్చింది. 1827లో ఆయన పత్తికొండలో కలరాతో పోయినప్పుడు మొదట పూడ్చింది గుత్తిలోనే, తర్వాత మద్రాసుకు తరలించారు. ఇక్కడ మూడో అభ్యంతరం ఎదురవుతుంది. కామ్టీ, సికింద్రాబాదు, బెంగళూరు మూడూ కంటోన్మెంట్లే, ఒకే వరసలో ఉన్నాయి. కాశీదారి, పత్తిదారి అని పైపై మాటలెందుకు, ఇది పల్టన్ల దారి అని ఒప్పుకోరాదా? ఒప్పుకోవచ్చు, ఒక షరతు మీద. పల్టను నడవాలంటే ముందు గింజలు నడవాలి. ఆ రోజుల్లో సైన్యాలకు గింజలు మోసింది పత్తి, ఉప్పు మోసిన లంబాడీలే, వాళ్ళ ఎద్దుల బాటల మీదే. కంపెనీ ఆ బాటకు కంకర వేసి మైలురాళ్ళు పాతింది. పైగా నాగపూర్ పక్కనున్న కామ్టీ పల్టనుకు కూడా ఉత్తరాన ఆధారం జబల్‌పూర్, మిర్జాపూర్‌లే. సైన్యపు దారి అనుకున్నా అది చేరేది గంగనే.

తమిళనాడు చివరి భాగం చరిత్ర ఇంకోటి. మధుర నుంచి కన్యాకుమారి దాకా చెట్లనీడ దారులు వేయించి సత్రాలు కట్టించిందని పేరు పొందిన రాణి మంగమ్మాళ్, 17వ శతాబ్దం చివర మధురను ఏలిన తెలుగు నాయకుల ఇంటి కోడలు. యాత్రికుల నడకనూ వర్తకుల బండినీ ఒక్క చెట్టునీడన కూర్చోబెట్టిన దారి అది.

ఉత్తరపు చివర సంగతి మరీ విచిత్రం. కాశ్మీరుకు మొఘలులు పోయింది భింబర్, రాజౌరీల మీదుగా పీర్ పంజాల్ కనుమలో. ఇంగ్లీషు కాలంలో బండ్లూ మోటార్లూ పోయింది రావల్పిండి నుంచి జీలం లోయ వెంట, బారాముల్లా మీదుగా. జమ్మూ నుంచి బనిహాల్ దాటే దారి 1922లో జనానికి తెరిచినా, అది రెండో దారే. చలికాలం మంచు పడితే మూసుకుపోయేది. 1947లో రావల్పిండి పరాయి దేశం కావడంతో రాత్రికి రాత్రి బనిహాల్ దారే కాశ్మీరు లోయకు ఊపిరి అయింది. 1956లో కనుమ కింద జవాహర్ సొరంగం తవ్వారు, 2017లో చెనానీ, నాశ్రీల మధ్య, 2021లో ఖాజీగుండ్, బనిహాల్ మధ్య ఇంకా పొడవైన సొరంగాలు వచ్చాయి. అయినా రాంబన్ దగ్గర కొండచరియలు విరిగిపడితే ఆపిల్ లారీలు రోజుల తరబడి బారులు తీరాల్సిందే. నేల చెప్పినట్టు దారి వేసి ఉంటే అక్కడ వేసేవారు కాదు. సరిహద్దు గీత పడ్డాక మిగిలిన దారి అది ఒక్కటే. ఇక దానికి దిగువన జలంధర్ నుంచి ఆగ్రా దాకా నడిచేది పాత బాదుషాహీ సడకు ముక్కే. కోస్ మీనార్లూ, పానిపట్టులో మూడు యుద్ధాలూ దాని మీదివే. దాని గురించి చాలామంది చాలా రాశారు, ఇక్కడ ఇంత చాలు.

ఈ ముక్కల్ని కుట్టే పని 2010 కన్నా ముందే మొదలైంది. 1943 డిసెంబరులో దేశంలోని చీఫ్ ఇంజనీర్లు సమావేశమై దారుల్ని జాతీయ, ప్రాంతీయ, జిల్లా, గ్రామ దారులుగా విడదీసిన ప్రణాళికకు నాగపూర్ ప్లాన్ అనే పేరు. అయినా ఆ తర్వాత వేసిన అంకెల్లో 7కు తల వారణాసే. శ్రీనగర్, కన్యాకుమారి రెండు కొసలుగా దేశాన్ని నిలువునా కోసే నాలుగు వరసల కారిడార్ ఆలోచన 1990ల చివరిది. కాశీ కొమ్మకు అందులో చోటు దొరకలేదు. నంబరు మారితే తారు మారుతుందా అని కొట్టిపారేసేవాళ్ళు ఇక్కడ కాస్త ఆగాలి. కారిడార్‌లో ఉన్నదానికి డబ్బు ముందొస్తుంది, వెడల్పు ముందొస్తుంది. సివనీ, నాగపూర్‌ల మధ్య పెంచ్ పులుల అడవిలో దారి వెడల్పు చేయడం మీద ఏళ్ళ తరబడి కోర్టుల్లో వాదాలు నడిచాయి. చింద్వాడా మీదుగా మళ్ళించమన్నవాళ్ళూ ఉన్నారు. చివరికి దారి మారలేదు, జంతువులు కింద నుంచి దాటేలా వంతెనలు లేపారు. ఎద్దుల బిడారాలు వేసిన గీతను చెరపడం ఇప్పటి ఇంజనీర్లకూ కుదరలేదు. అదే సమయంలో లఖ్‌నాదౌన్ పైన మాత్రం ఆ గీత 34, 30, 135 అని ముక్కలైపోయి, ఒక దారిగా లెక్కకు రాకుండా పోయింది.

జనం మాత్రం నంబరు చూసి నడవరు. హైదరాబాదులో మేడ్చల్ దాటినదాన్ని నాగపూర్ హైవే అంటారు, శంషాబాదు దాటినదాన్ని బెంగళూరు హైవే అంటారు. శ్రీనగర్ హైవే అన్నవాళ్ళు లేరు. 2025 ఫిబ్రవరిలో కుంభమేళాకు దక్షిణాది నుంచి పోయిన బండ్ల సంగతి పత్రికలన్నీ రాశాయి. నాగపూర్, సివనీ దాటి లఖ్‌నాదౌన్‌లో 44ను వదిలేసి, జబల్‌పూర్, కట్నీ, మైహర్, రీవాల మీదుగా ప్రయాగ పట్టిన కార్లూ బస్సులూ కిలోమీటర్ల కొద్దీ ఆగిపోయాయి. ముందుకు పంపలేక మధ్యప్రదేశ్ పోలీసులు వాటిని జిల్లా జిల్లాలో ఆపేశారు. తెలంగాణ, ఆంధ్ర నంబరు ప్లేట్లు ఆ వరసలో తక్కువేమీ కాదు.