తీసి పెట్టుకునే క్లిప్పుకు పట్టు ఎలా దొరికింది

వంకర పన్ను కదలడానికి పెద్ద బలం అక్కర్లేదు. మెల్లని ఒత్తిడి వారాల తరబడి తగులుతూ ఉంటే దవడ ఎముక తానే దారి ఇస్తుంది. అసలు చిక్కంతా ఆ ఒత్తిడి పెట్టే పరికరం పిల్లల నోట్లో ఊడిపోకుండా నిలవడంలోనే ఉంది. దంతవైద్యులు రెండు వందల ఏళ్లకు పైగా దీనితోనే తంటాలు పడ్డారు.

పారిస్‌లో పియేర్ ఫోషార్ 1728 నాటి తన గ్రంథంలో, వంపు తిరిగిన లోహపు పట్టీని దారాలతో పళ్లకు కట్టే పద్ధతి చెప్పాడు. దాన్ని పిల్లలు తీసి కడుక్కునే వీలు లేదు. పందొమ్మిదో శతాబ్దంలో వల్కనైట్ అనే గట్టి రబ్బరు వచ్చాక, అంగిలికి అచ్చుగుద్దినట్టు సరిపోయే పలకలు తయారయ్యాయి. 1881లో లండన్ అంతర్జాతీయ వైద్య మహాసభలో వాల్టర్ కాఫిన్ తన పలకను పరిచయం చేశాడు. రెండు ముక్కల మధ్య పియానో తీగ స్ప్రింగు అమర్చి, పై పళ్ల వరుసను వెడల్పు చేసే పలక అది.

ఇలాంటి పలకలు ఊడిపోకుండా, వియన్నాలో మార్టిన్ ష్వార్జ్ బాణపు మొనల్లాంటి కొక్కేలు వాడాడు. పళ్ల సందుల్లో దిగి పలకను పట్టేవి గానీ, అక్కడి చిగుళ్లను నొక్కేవి, పళ్లను ఎడం చేసేవి.

1950 ప్రాంతంలో బ్రిటన్‌లో ఫిలిప్ ఆడమ్స్ ఆ కొక్కేన్ని మార్చిన తీరు నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా ఇష్టం. 0.7 మిల్లీమీటర్ల స్టీలు తీగకు రెండు మొనలు. రెండూ ఒకే దవడ పన్నును బయటివైపు మూలల్లో, చిగుళ్ల అంచునున్న పల్లాల్లో పట్టుకుంటాయి. వాటిని కలిపే అడ్డతీగకు వేలు తగిలించి లాగితే చాలు, ఎనిమిదేళ్ల పిల్ల కూడా క్లిప్పు తీసి కడుక్కోగలదు. పైగా ఆ మొదటి శాశ్వత దవడ పన్ను ఆరో ఏట వస్తుంది, పై శాశ్వత ముందు పళ్లు ఏడెనిమిదేళ్లకు వస్తాయి. అవి దారి తప్పే వేళకు పట్టు సిద్ధంగా ఉంటుంది.

పై ముందు పన్ను కింది పళ్ల వెనక చిక్కుకుంటే ఈ కొక్కేలతో నిలిచే పలకే విడిపిస్తుంది. పన్ను వెనక సన్నని స్ప్రింగు, కింది పళ్లు అడ్డు తగలకుండా నోటిని కాస్త తెరిచి ఉంచే ప్లాస్టిక్ దిమ్మె, అంతే. మెలితిరిగిన పన్నును సరిచేయాలన్నా, వేరుతో సహా జరపాలన్నా ఇది చాలదు. అందుకు పళ్లకు అంటించే బ్రాకెట్లే కావాలి. వెనక చిక్కిన పన్ను మాత్రం ముందుకు వచ్చి కింది పళ్ల మీద తగినంత వాలితే, ఆ కింది పళ్లే దాన్ని మళ్లీ వెనక్కి పోనివ్వవు. ఇక క్లిప్పుతో పని లేదు.