అద్దె ఇంట్లో గదుల విభజన

అద్దెకిచ్చే ఇంట్లో ఉన్న హాలుకో పెద్ద గదికో మధ్యలో అడ్డుగోడ పెట్టి పడకగదుల సంఖ్య పెంచడాన్ని గదుల విభజన అంటారు. వాడుకలో ఇది ‘పార్టిషన్’. దీనివల్ల ఇంటి విస్తీర్ణం పెరగదు, పైగా గోడ మందం మేరకు కొంత తగ్గుతుంది. పెరిగేవి కిరాయి, ఇంట్లో ఉండే మనుషుల సంఖ్య. ఇంటివాళ్లు సాధారణంగా నేల కొలతలు చూసుకుని పని మొదలుపెడతారు. కానీ విభజన నిలుస్తుందా లేదా అన్నది తేల్చేవి వేరే ఉన్నాయి: కిటికీ ఎవరి వాటాకు పోతుంది, గోడ బరువును కింద ఏది మోస్తుంది, లోపలి గదిలో ఉన్నవాడు ఎటు నుంచి బయటపడతాడు.

వికారాబాద్ జిల్లాలో

వికారాబాద్ 2016 అక్టోబరు 11న జిల్లా కేంద్రమైంది. 2023లో అక్కడ ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. ఆఫీసులు, ఉద్యోగులు, విద్యార్థులు వచ్చిన చోట కిరాయి ఇళ్ల అవసరం పెరగడం మామూలే. తాండూరు సంగతి వేరు. నాపరాయి గనులు, బండల పాలిషింగ్ యూనిట్లు, సిమెంటు ఫ్యాక్టరీలు, కందుల వ్యాపారం ఉన్న ఊరు కాబట్టి అక్కడికి పనికోసం వచ్చేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. కుటుంబంతో కాక ఒంటరిగా వచ్చినవాడికి కావలసింది ఇల్లు కాదు, ఒక్క అర్ర. ఈ అవసరమే ఇంటిని ముక్కలు చేయిస్తుంది. బంట్వారం లాంటి మండల కేంద్రంలో గిరాకీ చిన్నది. కిరాయికి దిగేది ఎక్కువగా ఉపాధ్యాయులు, మండల ఆఫీసుల సిబ్బంది. అలాంటి చోట ఇంటివాళ్లు ముందు గదిని అడ్డుగోడతో వేరు చేసి, వీధి వైపు మరో దర్వాజా పెట్టించి ఇస్తే సరిపోతుంది. హైదరాబాదులో అమీర్‌పేట, ఎస్సార్ నగర్, అశోక్ నగర్ వంటి కోచింగ్ పేటల్లో విభజన ఇంకా దూరం వెళ్లింది. ఒకే ఫ్లాటు మంచాల లెక్కన కిరాయికి పోతుంది.

అన్నదమ్ముల గోడ

ఇల్లు చీల్చడం కిరాయి కోసమే పుట్టిన పని కాదు. అన్నదమ్ములు వేరుపడ్డప్పుడు నడిమింట్లోనో వాకిట్లోనో గోడ లేవడం తెలంగాణ పల్లెలకు పాత సంగతే. పాత మిద్దెల్లో, భవంతి ఇళ్లలో పైకప్పు బరువును గుంజలూ దూలాలూ మోస్తాయి. గుంజల వరుస వెంట లేపిన అడ్డుగోడ తన బరువు తాను మోసుకుని నేల మీద నిలబడితే చాలు. పైకప్పుతో దానికి పనిలేదు. అవసరం తీరాక గోడ తీసేసినా ఇంటికి ఏమీ కాదు. తడిక కట్టి మట్టి మెత్తినా, పచ్చి ఇటుక పేర్చినా పని అయిపోయేది. ఈ వెసులుబాటు నేటి స్లాబు ఇంటి పై అంతస్తులో లేదు.

బరువు లెక్క

నాలుగున్నర అంగుళాల ఇటుక గోడకు రెండు వైపులా ప్లాస్టరింగ్ చేస్తే చదరపు మీటరుకు సుమారు 270 కిలోలు తూగుతుంది. తొమ్మిదిన్నర అడుగుల ఎత్తున, పది అడుగుల పొడవున లేపితే మొత్తం రెండు టన్నులు దాటుతుంది. నివాస గదుల స్లాబును మనుషులు, సామాన్ల కోసం చదరపు మీటరుకు దాదాపు 200 కిలోల భారానికి లెక్కగడతారు. భారతీయ ప్రమాణం ఐఎస్ 875 చెప్పే అంకె ఇదే. ప్లానులో లేని గోడల కోసం కొంత అదనపు భారం కలపాలని కూడా ఆ ప్రమాణం చెబుతుంది, కానీ అది తేలికపాటి అడ్డుగోడలకు ఉద్దేశించినది. కింద బీము ఉన్న చోట ఇటుక గోడ లేపడం ఒకటి, స్లాబు నడుమ లేపడం మరొకటి. నడుమ లేపితే స్లాబు కిందికి వంగి, ఆ గోడే ముందు పగుళ్లు చూపిస్తుంది. గోడ పని సుతారి మేస్త్రి చేస్తాడు, కానీ ఎక్కడ లేపాలో చెప్పవలసింది ఇంజనీరు. చిన్న పని అన్న పేరుతో ఆ ఖర్చు దగ్గరే ఎక్కువమంది చేయి ముడుచుకుంటారు.

అందుకే పై అంతస్తుల్లో తేలిక సామగ్రి వచ్చింది. ఇనుప చట్రానికి రెండు వైపులా జిప్సం బోర్డు బిగించిన గోడ చదరపు మీటరుకు సుమారు 25 కిలోలే, అంటే ఇటుక గోడ బరువులో పదోవంతు. తడి తగిలే చోట జిప్సం నిలవదు, అక్కడ ఫైబర్ సిమెంటు బోర్డు వాడతారు. హైదరాబాదు కేంద్రంగా నడిచే విశాక ఇండస్ట్రీస్ వి-బోర్డు పేరుతో అమ్మేది ఈ రకమే. ఏఏసీ (గాలి బుడగలున్న తేలిక కాంక్రీటు) బ్లాకుల గోడ బరువులో ఈ రెండింటికీ ఇటుకకూ మధ్యస్థం. ప్లైవుడ్ అన్నిటికంటే సులువు. ఒక్క రోజులో వడ్రంగి పని ముగించుకుని పోతాడు. కానీ పక్క గదిలో ఫోను మాట్లాడితే ఇటు వినిపిస్తుంది, నిప్పంటుకుంటే అదే కట్టె అవుతుంది.

తాండూరు ప్రాంతంలో మరో చిక్కు ఉంది. ఇళ్ల నేల మీద పరిచేది ఇక్కడి నాపబండలే. భీమా సమూహపు అవక్షేప సున్నపురాయి ఇది. పొరలు పొరలుగా ఏర్పడింది కాబట్టే గనిలో పలకలుగా ఊడి వస్తుంది. అదే గుణం వల్ల బండ అంచుకు దగ్గరగా డ్రిల్లు వేసి చట్రం బిగిస్తే చెక్కు లేచిపోవచ్చు. రంధ్రం బండ మధ్యలో వేయడం లేదా రెండు బండల సందులో పడేలా చట్రాన్ని జరపడం మేలు. గోడకు బదులు ఇటూ అటూ తెరుచుకునే అల్మారాలనే అడ్డంగా నిలపడం మంచి ఉపాయం. మందం పోయినా ఆ మందంలోనే సామాను పడుతుంది. అయితే ఆ అల్మారాల అరలకు బండలు వాడే ముందు తూకం చూసుకోవాలి. అంగుళం మందం బండ చదరపు మీటరుకు 65 కిలోల దాకా ఉంటుంది.

కొలత, కిటికీ

జాతీయ భవన నిర్మాణ స్మృతి (2016) ప్రకారం నివాస గది 9.5 చదరపు మీటర్లకు, అంటే సుమారు 102 చదరపు అడుగులకు తగ్గకూడదు. వెడల్పు 2.4 మీటర్లు ఉండాలి. రెండు గదులున్న ఇంట్లో రెండోది 7.5 చదరపు మీటర్లు, 2.1 మీటర్ల వెడల్పు ఉన్నా చాలు. ఎత్తు 2.75 మీటర్లు. పన్నెండుకు ఇరవై అడుగుల హాలును అడ్డంగా చీలిస్తే రెండు ముక్కలూ ఈ కొలతకు తూగుతాయి. పదికి పన్నెండు గదిని చీలిస్తే ఎటు కోసినా తూగవు. ఐదు అడుగుల వెడల్పులో మంచం వేశాక మిగిలేది నడిచే దారి మాత్రమే.

కిటికీ లెక్క ఇంతకంటే కఠినం. వేడి, పొడి వాతావరణంలో నేల విస్తీర్ణంలో పదోవంతు మేరకు కిటికీలు ఉండాలని స్మృతి చెబుతుంది. తలుపును ఇందులో కలపకూడదు. నాలుగుకు నాలుగు అడుగుల కిటికీ 120 చదరపు అడుగుల గదికి సరిపోతుంది. కానీ ఒకే గోడకు కిటికీ ఉన్న హాలును ఆ గోడకు సమాంతరంగా చీలిస్తే లోపలి ముక్కకు గాలీ వెలుతురూ రెండూ పోతాయి. కిటికీ గోడకు నిలువుగా చీల్చి చెరో కిటికీ పంచితేనే రెండూ గదులవుతాయి. గోడను కప్పుదాకా లేపకుండా పైన సందు వదలడం, ఒకే ఏసీని ఇద్దరికీ పంచడం తరచూ కనిపించే అడ్డదారి. ఆ సందులోంచి గాలి వచ్చేదానికంటే శబ్దం, దోమలు వచ్చేదే ఎక్కువ.

నిప్పు, దారి

విభజన వల్ల అన్నిటికంటే పెద్ద ప్రమాదం బయటి దారి మూసుకుపోవడం. లోపలి గదివాడు మరొకరి గది గుండా బయటికి పోవలసి వస్తే, ఆ మధ్య తలుపుకు గడియ పడ్డ రాత్రి అతనికి దారి లేనట్టే. న్యూయార్క్ బ్రాంక్స్‌లో 2005 జనవరి 23న ఒక అపార్టుమెంటు తగలబడినప్పుడు, చట్టవిరుద్ధంగా పెట్టిన అడ్డుగోడలు అగ్నిమాపక నిచ్చెనకు పోయే దారిని మూసేశాయి. ఆరుగురు అగ్నిమాపక సిబ్బంది నాలుగో అంతస్తు నుంచి కిందికి దూకవలసి వచ్చింది. ఇద్దరు చనిపోయారు. హైదరాబాదు గుల్జార్ హౌజ్‌లో 2025 మే 18న 17 మందిని బలిగొన్న అగ్నిప్రమాదానికి విభజనతో సంబంధం లేదు. కానీ ఇరుకు మెట్ల దారి ఒక్కటే ఉంటే ఏమవుతుందో అది చూపించింది. గల్ఫ్‌కు పోయిన తెలంగాణ కార్మికులకు దుబాయ్ ‘పార్టిషన్ రూములు’ తెలియనివి కావు. 2025 జూన్‌లో అక్కడి మునిసిపాలిటీ ఇలాంటి అనుమతి లేని అడ్డుగోడలపై దాడులు మొదలుపెట్టింది. ఇంగ్లండ్‌లో వేర్వేరు కుటుంబాలకు చెందిన ఐదుగురు, అంతకుమించి ఒకే ఇంట్లో ఉంటే లైసెన్సు కావాలి. 2018 అక్టోబరు నుంచి లైసెన్సున్న ఇళ్లలో ఒక వయోజనుడు పడుకునే గది 6.51 చదరపు మీటర్లకు తగ్గకూడదు. మన స్మృతి కొలత దీనికంటే పెద్దదే. తేడా వచ్చేది తనిఖీలో.

చట్టం, ఒప్పందం

ఇంటి యజమాని సొంతంగా చేయించుకుంటే ఒక లెక్క, కిరాయిదారు చేయిస్తే మరో లెక్క. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం యజమాని సమ్మతి లేకుండా కిరాయిదారు శాశ్వత కట్టడం కట్టకూడదు. తెలంగాణలో వర్తించే 1960 నాటి అద్దె నియంత్రణ చట్టంలో, రాతపూర్వక అనుమతి లేకుండా మరొకరికి కిరాయికివ్వడం, కట్టడం విలువ తగ్గేలా పాడుచేయడం ఖాళీ చేయించడానికి కారణాలు. ఫ్లాటు మొత్తం తీసుకుని గదులు చేసి పంచేవాళ్లకు ఈ రెండూ వర్తించే అవకాశం ఉంది. పదకొండు నెలల ఒప్పందంలో అడ్డుగోడ ఊసు ఒక్క ముక్క రాసుకుంటే తగాదా ఉండదు. యజమాని విషయంలో, లోపల తేలిక అడ్డు పెట్టడం చిన్న మార్పు. ఒక ఇంటిని రెండు వాటాలు చేసి వేరే వంటిల్లు కట్టడం పెద్ద మార్పు, అనుమతి పొందిన ప్లానులోని ఇళ్ల సంఖ్యే మారుతుంది. తాండూరు, వికారాబాద్‌లలో మునిసిపాలిటీని, బంట్వారంలో గ్రామ పంచాయతీని అడగాలి.

గోడతో పాటు పెరిగేవి

కరెంటు మీటరు దగ్గర తగాదా ముందు మొదలవుతుంది. గృహ వినియోగ చార్జీలు యూనిట్లు పెరిగే కొద్దీ పై శ్లాబుకు వెళతాయి కాబట్టి, ఇద్దరి వాడకం ఒకే మీటరులో పడితే ఇద్దరికీ రేటు పెరుగుతుంది. సబ్‌మీటరు ఎవరెంత వాడారో చెబుతుంది, రేటును తగ్గించదు. మిషన్ భగీరథ నీరు పల్లెల్లో మనిషికి రోజుకు 100 లీటర్లు, మునిసిపాలిటీల్లో 135 లీటర్ల లెక్కన ఉద్దేశించినది. ఇంటికి వచ్చే నల్లా ఒక్కటే, మనుషులు మాత్రం రెట్టింపు. సెప్టిక్ ట్యాంకుకు ఐఎస్ 2470 ఇచ్చే కొలతలు వాడే మనుషుల సంఖ్యను బట్టే ఉంటాయి. ఐదుగురికి మీటరున్నర పొడవు, ముప్పావు మీటరు వెడల్పు, మీటరు లోతు ట్యాంకు కట్టిన ఇంట్లో పదిమంది చేరితే, రెండేళ్లకోసారి పిలవవలసిన ట్యాంకరును ఏడాదికే పిలవాలి.