అమెరికా రాష్ట్రాలలో గంజాయి చట్టాలు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో గంజాయి సాగు, అమ్మకం మరియు వినియోగాలకు సంబంధించి ఒక్కొక్క రాష్ట్రంలో ఒక్కొక్క విధమైన చట్టం అమలులో ఉన్నది. కొన్ని రాష్ట్రాలలో 21 సంవత్సరాలు నిండిన వారెవరైనా లైసెన్సు పొందిన దుకాణంలో గంజాయి కొనవచ్చును. కొన్నింటిలో వైద్యుని సిఫారసు ఉన్నవారికి మాత్రమే అనుమతి ఉన్నది. మరికొన్నింటిలో కొద్దిపాటి గంజాయి దొరికినా జైలుశిక్ష పడవచ్చును. వీటన్నిటికీ పైన దేశమంతటికీ వర్తించే ఫెడరల్ చట్టం ఉన్నది. అందువలన ఒకే పని రాష్ట్ర చట్టం ప్రకారం సక్రమము, ఫెడరల్ చట్టం ప్రకారం నేరము కావచ్చును. చదువు, ఉద్యోగాల కోసం అమెరికా వెళ్ళే విదేశీయులకు, వారిలో పెద్ద సంఖ్యలో ఉన్న తెలుగువారికి, ఈ తేడా చాలా ముఖ్యమైనది.

మొక్క మరియు అందలి పదార్థాలు

గంజాయి మొక్కలో ఉండే ప్రత్యేక రసాయనాలను కానబినాయిడ్లు అంటారు. వీటిలో ముఖ్యమైనవి రెండు. మత్తును కలిగించేది టీహెచ్‌సీ. శాస్త్రీయంగా దీనిని డెల్టా-9 టెట్రాహైడ్రోకానబినాల్ అని పిలుస్తారు. రెండవది సీబీడీ, అనగా కానబిడయాల్. దీనికి మత్తు కలిగించే గుణం లేదు. ఒకే జాతి మొక్కను నార, విత్తనాల కొరకు పెంచినప్పుడు, అందులో టీహెచ్‌సీ చాలా తక్కువగా ఉంటే, దానిని హెంప్ అంటారు. హెంప్‌కు, గంజాయికి మధ్య గల తేడా వృక్షశాస్త్రం నిర్ణయించినది కాదు, చట్టం నిర్ణయించినది.

చరిత్ర

1913లో కాలిఫోర్నియా గంజాయిని నిషేధించినది. తరువాత రెండు దశాబ్దాలలో అనేక రాష్ట్రాలు అదే బాటలో నడిచాయి. 1937లో ఫెడరల్ ప్రభుత్వం మారిహువానా పన్ను చట్టాన్ని చేసినది. పేరుకు పన్ను అయినా, ఆచరణలో అది నిషేధమే. 1969లో సుప్రీం కోర్టు ఆ చట్టంలోని ముఖ్య భాగాన్ని రాజ్యాంగ విరుద్ధమని తీర్పు ఇవ్వగా, 1970లో నియంత్రిత పదార్థాల చట్టం వచ్చినది. ఇందులో గంజాయిని హెరాయిన్‌తో పాటు మొదటి షెడ్యూలులో చేర్చారు. వైద్యపరమైన ఉపయోగం లేనివి, దుర్వినియోగానికి ఎక్కువ అవకాశం ఉన్నవి అని భావించిన పదార్థాలకు ఉద్దేశించినది ఈ షెడ్యూలు.

సడలింపు రాష్ట్రాల నుండి మొదలైనది. 1973లో ఆరెగాన్ కొద్ది మొత్తంలో గంజాయి కలిగి ఉండడాన్ని జరిమానాతో సరిపెట్టిన మొదటి రాష్ట్రమైనది. 1996లో కాలిఫోర్నియా ఓటర్లు 215వ ప్రతిపాదనను ఆమోదించి వైద్య వినియోగానికి తలుపులు తెరిచారు. 2000లో హవాయి శాసనసభ ద్వారానే వైద్య గంజాయిని అనుమతించినది. 2012 నవంబరులో కొలరాడో, వాషింగ్టన్ రాష్ట్రాల ఓటర్లు పెద్దల వినియోగాన్ని కూడా చట్టబద్ధం చేశారు. కొలరాడోలో 2014 జనవరి 1న దుకాణాలు తెరుచుకున్నాయి. తరువాత ఆలాస్కా, కాలిఫోర్నియా, మిచిగాన్, ఇల్లినాయ్, న్యూజెర్సీ, న్యూయార్క్ మొదలైనవి ఈ జాబితాలో చేరాయి. 2023 నవంబరులో ఒహాయో చేరికతో ఈ రాష్ట్రాల సంఖ్య 24 అయినది. 2024లో ఫ్లోరిడాలో సగానికి పైగా ఓటర్లు సమర్థించినా, అవసరమైన 60 శాతం రానందున ప్రతిపాదన వీగిపోయినది. అదే సంవత్సరం ఉత్తర డకోటా, దక్షిణ డకోటా ఓటర్లు తిరస్కరించారు.

రాష్ట్రాల వర్గీకరణ

రాష్ట్రాలను స్థూలంగా మూడు వర్గాలుగా చెప్పవచ్చును.

పెద్దల వినియోగం అనుమతించినవి: వీటిలో కనీస వయస్సు 21 సంవత్సరాలు. ఒక వ్యక్తి దగ్గర ఉంచుకోదగిన పరిమాణం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాలిఫోర్నియాలో ఇది 28.5 గ్రాములు, న్యూయార్క్‌లో 3 ఔన్సులు (సుమారు 85 గ్రాములు). అనుమతి ఉన్న చోట కూడా మత్తులో వాహనం నడపడం నేరమే. రాజధాని వాషింగ్టన్ డి.సి.లో 2014లో ఓటర్లు గంజాయి కలిగి ఉండడాన్ని అనుమతించగా, అక్కడి అమ్మకాలకు అమెరికా కాంగ్రెస్ బడ్జెట్ నిబంధనల ద్వారా అడ్డుకట్ట వేసినది.

వైద్య వినియోగం మాత్రమే అనుమతించినవి: వైద్యుని సిఫారసు, రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు సాధారణంగా అవసరమవుతాయి. ఫ్లోరిడా, పెన్సిల్వేనియా ఈ కోవకు చెందినవి. 2024లో నెబ్రాస్కా ఓటర్లు కూడా వైద్య వినియోగాన్ని ఆమోదించారు.

కఠినంగా నిషేధించినవి: ఐడహో, కాన్సాస్ వంటివి. తెలుగువారు అధికంగా నివసించే టెక్సస్‌లో 2015 నుండి కొన్ని వ్యాధులకు పరిమిత వైద్య పథకం ఉన్నది. అయితే ఆ పథకంలో లేనివారి వద్ద 2 ఔన్సుల లోపు గంజాయి దొరికినా 180 రోజుల వరకు జైలుశిక్ష విధించవచ్చును. టీహెచ్‌సీ సారంతో చేసిన ద్రవాలు, మిఠాయిలు అయితే కొద్ది పరిమాణమైనా అక్కడ తీవ్రమైన నేరంగా పరిగణిస్తారు. కొలరాడోలో దుకాణంలో కొన్న మిఠాయి పొట్లం టెక్సస్‌లో కారు తనిఖీలో దొరికితే కేసు అవుతుంది. కొన్న రశీదు ఇక్కడ రక్షణ కాదు.

ఫెడరల్ చట్టంతో వైరుధ్యం

2005లో గోంజాలెస్ వర్సెస్ రైచ్ కేసులో సుప్రీం కోర్టు, రాష్ట్రం అనుమతించినా ఇంటి పెరట్లో వైద్యం కోసం పెంచుకున్న గంజాయిని సైతం నిషేధించే అధికారం కాంగ్రెస్‌కు ఉన్నదని 6-3 మెజారిటీతో తీర్పు చెప్పినది. 2013లో ఫెడరల్ న్యాయశాఖ, రాష్ట్ర నిబంధనలను పాటించేవారి జోలికి పోకుండా ఇతర ప్రాధాన్యాలపై దృష్టి పెట్టాలని తన న్యాయవాదులకు సూచించినది. 2018 జనవరిలో ఆ సూచనలను ఉపసంహరించారు. అయితే 2014 డిసెంబరు నుండి కాంగ్రెస్, రాష్ట్రాల వైద్య గంజాయి పథకాలను అడ్డుకొనుటకు న్యాయశాఖ నిధులు వాడకుండా బడ్జెట్ చట్టాలలో నిబంధన పెడుతూ వచ్చినది.

ఈ వైరుధ్యం వలన కలిగిన ఫలితాలు అనేకం. ఒక అనుమతించిన రాష్ట్రం నుండి పక్కనే ఉన్న మరొక అనుమతించిన రాష్ట్రానికి గంజాయిని తీసుకుపోవడం కూడా ఫెడరల్ నేరమే. జాతీయ ఉద్యానవనాలు ఫెడరల్ భూములు కనుక అక్కడ రాష్ట్ర అనుమతి చెల్లదు. అనేక బ్యాంకులు గంజాయి వ్యాపారుల ఖాతాలు తెరవడానికి వెనుకాడుట వలన వ్యాపారం ఎక్కువగా నగదులో సాగినది.

షెడ్యూలు మార్పుపై 2022లో పునఃసమీక్ష మొదలైనది. 2023లో ఆరోగ్యశాఖ మూడవ షెడ్యూలుకు మార్చాలని సిఫారసు చేయగా, 2024 మే నెలలో న్యాయశాఖ అధికారిక ప్రతిపాదన వెలువరించినది. 2025 డిసెంబరులో అధ్యక్షుడు డోనాల్డ్ ట్రంప్ ఈ పనిని వేగవంతం చేయాలని ఉత్తర్వు ఇచ్చారు. మూడవ షెడ్యూలులో ఉన్నవి కూడా నియంత్రిత పదార్థాలే. కాబట్టి షెడ్యూలు మార్పు, చట్టబద్ధత ఒకటి కావు.

చట్టబద్ధమైన ప్రత్యామ్నాయాలు

ఆమోదిత ఔషధాలు: ప్రయోగశాలలో తయారైన టీహెచ్‌సీ అయిన డ్రోనాబినాల్‌ను, దానిని పోలిన నాబిలోన్‌ను 1985లో ఎఫ్‌డీఏ ఆమోదించినది. కాన్సరు చికిత్స వలన కలిగే వికారం, వాంతులకు వీటిని వాడుతారు. మొక్క నుండి తీసిన సీబీడీతో తయారైన ఎపిడయోలెక్స్‌కు 2018లో కొన్ని తీవ్రమైన మూర్ఛ వ్యాధుల కొరకు అనుమతి లభించినది.

హెంప్ ఉత్పత్తులు: 2018 వ్యవసాయ చట్టం, ఎండిన బరువులో డెల్టా-9 టీహెచ్‌సీ 0.3 శాతం మించని మొక్కను హెంప్‌గా నిర్వచించి నియంత్రిత పదార్థాల జాబితా నుండి తొలగించినది. దీనితో సీబీడీ నూనెలు, లేపనాలు దేశమంతటా దుకాణాలలోకి వచ్చాయి. వీటిలో కొన్నింటిలో చీటీపై చెప్పని టీహెచ్‌సీ ఉండి, ఉద్యోగ సంస్థలు చేయించే మూత్ర పరీక్షలో బయటపడే అవకాశం ఉన్నది.

డెల్టా-8 టీహెచ్‌సీ: 2018 చట్టం డెల్టా-9ను మాత్రమే పేర్కొన్నందున, తయారీదారులు హెంప్ సీబీడీని రసాయనికంగా మార్చి మత్తునిచ్చే డెల్టా-8ను తయారు చేయసాగారు. గంజాయి దుకాణాలు లేని రాష్ట్రాలలో సైతం ఇది పెట్రోలు బంకుల పక్కనున్న చిన్న కొట్లలో దొరికినది. 2021లో ఎఫ్‌డీఏ దీనిపై ప్రజలను హెచ్చరించినది. కొన్ని రాష్ట్రాలు నిషేధించగా, మిన్నెసోటా 2022లో ఒక్కొక్క మోతాదుకు 5 మిల్లీగ్రాముల పరిమితితో హెంప్ తినుబండారాలను అనుమతించినది. 2025 నవంబరులో ఆమోదం పొందిన ఫెడరల్ చట్టం హెంప్ నిర్వచనాన్ని మార్చి, అన్ని రకాల టీహెచ్‌సీని కలిపి లెక్కించాలని, అమ్మకపు డబ్బా ఒక్కింటికి 0.4 మిల్లీగ్రాములు మించరాదని నిర్దేశించినది. అమలుకు ఒక సంవత్సరం గడువు ఇచ్చినది.

కృత్రిమ కానబినాయిడ్లు: కే2, స్పైస్ పేర్లతో "చట్టబద్ధమైన గంజాయి"గా అమ్ముడైన పొడి ఆకులపై ప్రయోగశాల రసాయనాలు చల్లేవారు. వీటిలో కొన్ని టీహెచ్‌సీ కంటే ఎంతో తీవ్రమైనవి. 2011లో కొన్నింటిని తాత్కాలికంగా, 2012లో చట్టం ద్వారా మొదటి షెడ్యూలులో చేర్చారు. 2018లో ఇల్లినాయ్‌లో ఎలుకల మందు కలిసిన సరుకు వాడి 150 మందికి పైగా తీవ్ర రక్తస్రావానికి గురయ్యారు; కొందరు మరణించారు.

విదేశీయులపై ప్రభావం

వలస వ్యవహారాలు పూర్తిగా ఫెడరల్ చట్టం పరిధిలోనివి. అందువలన రాష్ట్ర అనుమతి ఉన్నదన్న వాదన వీసా అధికారి ముందు నిలబడదు. నియంత్రిత పదార్థాల నేరంలో శిక్ష పడినా, కొన్ని సందర్భాలలో శిక్ష లేకుండా నేరాన్ని అంగీకరించినా, దేశ ప్రవేశం నిరాకరించవచ్చును. స్వంత వాడకానికి 30 గ్రాములు లేదా అంతకంటే తక్కువ గంజాయి కలిగి ఉన్న ఒకే ఒక్క నేరానికి దేశ బహిష్కరణ నుండి మినహాయింపు ఉన్నది. కాని ఇది ప్రవేశ నిరాకరణకు వర్తించదు. 2019 ఏప్రిల్‌లో పౌరసత్వ మరియు వలస సేవల సంస్థ, రాష్ట్రం అనుమతించినప్పటికీ గంజాయి వాడకం లేదా గంజాయి పరిశ్రమలో పని, పౌరసత్వానికి అవసరమైన "సత్ప్రవర్తన"కు అడ్డు కావచ్చునని ప్రకటించినది. విశ్వవిద్యాలయాలు ఫెడరల్ నిధులు పొందుతున్నందున, అనుమతించిన రాష్ట్రాలలో కూడా ఆవరణలో గంజాయిని నిషేధిస్తాయి.

భారతదేశంతో పోలిక

భారతదేశంలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం దేశమంతటికీ ఒక్కటే. మొక్క యొక్క పూత, కాయలతో కూడిన కొనలనే ఈ చట్టం గంజాయిగా నిర్వచించినది. కొనలు లేని విడి ఆకులు ఈ నిర్వచనంలోకి రానందున, ఆకులతో చేసే భంగు కొన్ని రాష్ట్రాలలో ప్రభుత్వ అనుమతితో అమ్ముడవుతున్నది. ఒక కిలోగ్రాము వరకు స్వల్ప పరిమాణంగా, 20 కిలోగ్రాములకు మించినది వాణిజ్య పరిమాణంగా పరిగణిస్తారు. వాణిజ్య పరిమాణానికి శిక్ష 10 నుండి 20 సంవత్సరాల కఠిన కారాగారము. ఆంధ్రప్రదేశ్‌లోని విశాఖ ఏజెన్సీ ప్రాంతంలో అక్రమ సాగును నిర్మూలించుటకు 2021లో రాష్ట్ర పోలీసులు ఆపరేషన్ పరివర్తన చేపట్టారు.