అగ్రదేశాలకు యుద్ధ చట్టాలు వర్తించవా? పల్నాటి రాయబారం నుంచి హేగ్ కోర్టు దాకా..

పల్నాడు జిల్లా కారంపూడిలో ఏటా కార్తీక మాసంలో వీరుల ఉత్సవాలు ఐదు రోజులు జరుగుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు.. ఇలా రోజుకో పేరు. రెండో రోజు ‘రాయబారం’ గుర్తుచేసే ప్రశ్న ఇప్పటికీ ప్రపంచాన్ని వదల్లేదు. బలవంతుడు మాట తప్పితే అడిగేదెవరు?

పల్నాట ఏం జరిగింది?

12వ శతాబ్దంలో గురజాలను నలగామరాజు, మాచర్లను మలిదేవరాజు ఏలారు. కోడిపందెంలో ఓడిన మాచర్ల పక్షం ఒప్పందం ప్రకారం ఏడేళ్లు వలస వెళ్లింది. గడువు తీరాక తమ భాగం తమకివ్వాలని అలరాజును రాయబారం పంపింది. ఆయన స్వయానా నలగామరాజు అల్లుడే. అయినా రాజ్యం ఇవ్వలేదు సరికదా, చర్లగుడిపాడు దగ్గర ఆయన్ను విషంతో చంపించారని వీరగాథలు చెబుతాయి. ఆ తర్వాతే కారంపూడిలో నాగులేటి ఒడ్డున యుద్ధం. మాట తప్పినవాళ్లను నిలదీసే పై కోర్టు లేదు. చివరికి రెండు పక్షాలూ నాశనమయ్యాయి.

ఇప్పుడు చట్టం ఏమంటోంది?

• 1907 హేగ్ నిబంధనలు: తెల్లజెండాతో చర్చలకు వచ్చిన దూతపై చెయ్యి వేయకూడదు.

• 1945 ఐక్యరాజ్యసమితి చార్టర్: మరో దేశంపై బలప్రయోగం నిషేధం. ఆత్మరక్షణ, భద్రతా మండలి అనుమతి.. ఈ రెండే మినహాయింపులు.

• 1949 జెనీవా ఒప్పందాలు: పౌరులు, గాయపడిన సైనికులు, యుద్ధ ఖైదీలకు రక్షణ. ప్రపంచ దేశాలన్నీ వీటిని ఆమోదించాయి. భారత్ 1960లో ఇందుకోసం ప్రత్యేక చట్టమే చేసింది.

ఈ నిబంధనల్లో పెద్ద దేశం, చిన్న దేశం అనే తేడా లేదు.

మరి చిక్కెక్కడ?

అమలు దగ్గర. అంతర్జాతీయ న్యాయస్థానం తీర్పును ఎవరైనా పాటించకపోతే భద్రతా మండలికి వెళ్లాలి. అక్కడ అమెరికా, రష్యా, చైనా, బ్రిటన్, ఫ్రాన్స్‌లకు వీటో ఉంది. అంటే ముద్దాయే తీర్పు అమలును ఆపేయొచ్చు!

1986లో జరిగింది అదే. నికరాగ్వా ఓడరేవుల్లో మందుపాతరలు పెట్టడం, అక్కడి తిరుగుబాటుదారులకు సాయం చేయడం చట్టవిరుద్ధమని హేగ్ కోర్టు అమెరికాకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది. పరిహారం కట్టాలంది. అమెరికా కట్టలేదు. తీర్పు పాటించాలన్న తీర్మానాన్ని మండలిలో వీటో చేసింది.

2022 మార్చి 16న ఇదే కోర్టు ఉక్రెయిన్‌లో సైనిక చర్య ఆపాలని రష్యాను ఆదేశించింది. యుద్ధం ఆగలేదు.

వ్యక్తులను విచారించే అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు వేరే ఉంది. అందులో అమెరికా, రష్యా, చైనా సభ్యులు కావు. భారత్ కూడా చేరలేదు.

అయితే చట్టం దండగేనా?

అలా అనలేం. 2023 మార్చిలో క్రిమినల్ కోర్టు రష్యా అధ్యక్షుడు పుతిన్‌పై అరెస్టు వారెంటు ఇచ్చింది. ఆ ఏడాది ఆగస్టులో దక్షిణాఫ్రికాలో జరిగిన బ్రిక్స్ సదస్సుకు ఆయన వెళ్లలేదు, వీడియోలో మాట్లాడారు. ఆ దేశం కోర్టు సభ్యురాలు కాబట్టి, వస్తే అరెస్టు చేయాల్సి ఉంటుంది. కానీ 2024 సెప్టెంబర్‌లో మరో సభ్యదేశం మంగోలియాకు వెళ్తే అక్కడ ఎవరూ ఆపలేదు. ఒకే వారెంటు ఒకచోట అడ్డుపడింది, మరోచోట పనిచేయలేదు.

ఇంకోటి గమనించాలి. ‘చట్టం మాకు వర్తించదు’ అని ఏ అగ్రదేశమూ బయటకు చెప్పదు. నికరాగ్వా విషయంలో అమెరికా, ఉక్రెయిన్ విషయంలో రష్యా.. రెండూ ఆత్మరక్షణ అనే వాదించాయి. తప్పించుకోవడానికైనా చట్టం మాటే ఎత్తాల్సి వస్తోంది.

సూటిగా చెప్పాలంటే, అగ్రదేశాలు చట్టానికి కట్టుబడాల్సిందే. కట్టుబడకపోతే బలవంతంగా ఒప్పించే యంత్రాంగమే లేదు. అలరాజు విషయంలోనూ తీర్పు చెప్పేవాళ్లు లేరు. కానీ ఆ రాయబారాన్ని కారంపూడి ఇప్పటికీ ఏటా ఒక రోజు తలుచుకుంటూనే ఉంది.