చేజెర్ల కపోతేశ్వరాలయం

జీర్ణోద్ధరణ జరుగుతున్న ఈ వేళ పల్నాటి చేజెర్ల కపోతేశ్వరాలయాన్ని స్మరించుట సముచితం. పాత కట్టడాన్ని పడగొట్టక, దాని లోపలి అమరికను కొత్త వినియోగానికి అనువుగా మలచు విద్యను నేడు విశ్వవిద్యాలయాలలో వాస్తుశిల్ప విద్యార్థులకు బోధిస్తున్నారు. మన పూర్వులు ఆ పనిని ఏ పట్టా లేకుండానే చేసి చూపినారు.

ఇటుకలతో కట్టిన ఈ ఆలయం వెనుకభాగం గుండ్రంగాను, పైకప్పు ఏనుగు వీపువలెను ఉంటుంది. దీనినే గజపృష్ఠాకారమంటారు. ఇది తొలుత బౌద్ధ చైత్యగృహమని, సుమారు క్రీ.శ. 3, 4 శతాబ్దుల నాటిదని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. చైత్యాలలో స్తూపముండెడి గుండ్రని కొసనే ఇచ్చట కపోతేశ్వరుడు కొలువైనాడు. లోపల ఆరాధ్యమూర్తి మారినను, గోడలనూ కప్పునూ అట్లే నిలుపుకొన్నారు. పావురమును కాచిన శిబి చక్రవర్తి కథ ఇచ్చటి స్థలపురాణం. చిత్రమేమనగా, అదే కథను బౌద్ధ శిల్పులూ చెక్కినారు!

నాగార్జునకొండలో ఇటువంటి చైత్యాలు అనేకం ఉండెడివి. 1954-60 నడుమ జరిగిన తవ్వకాలలో పునాదులు, శిథిలాలే బయటపడినవి. పైకప్పుతో సహా నేటికీ నిలిచిన ప్రాచీన ఇటుక కట్టడాలుగా పండితులు తరచు పేర్కొనునవి చేజెర్ల ఆలయం, మహారాష్ట్రలోని తేర్ త్రివిక్రమాలయం. రెండును పూజలందుకొన్న గుళ్లే. దీపం పెట్టువారున్నందుననే కప్పు కారినప్పుడు బాగుచేయువారును ఉండిరని నా నమ్మకం.