అగ్నివీరుల శిక్షణ కాలం: కోసిగి ప్రాంత కుటుంబాలు తెలుసుకోవాల్సినవి

సైన్యానికి ఎంపికైన యువకుడు శిక్షణ కేంద్రంలో అడుగుపెట్టిన రోజు నుంచి కసమ్ పరేడ్ (ప్రమాణం చేసే కవాతు) ముగించుకుని యూనిట్‌కు వెళ్లేదాకా గడిచేది శిక్షణ కాలం. కొడుకు ఎక్కడున్నాడో తెలిసినా ఎలా ఉన్నాడో తెలియని నెలలు ఇవి. ఇంటివాళ్లను కలవరపెట్టే విషయాల్లో చాలావరకు శిక్షణ పద్ధతిలో భాగమేనని, వాటిని ముందే చెబితే సగం దిగులు తగ్గుతుందని చూపడం ఈ వ్యాసం ఉద్దేశం.

కోసిగి కర్నూలు జిల్లా పడమటి అంచున, గుంతకల్లు–వాడి రైలు మార్గంలో ఆదోనికీ మంత్రాలయం రోడ్డుకూ మధ్య ఉన్న మండల కేంద్రం. వాన మీద ఆధారపడ్డ నేలలు. పత్తి పనులు అయిపోయాక ఊళ్లకు ఊళ్లు సుగ్గికి, అంటే గుంటూరు వైపు మిరప కోతలకు, పిల్లాపాపలతో తరలిపోతాయి. బెంగళూరుకు కూలికి పోయేవాళ్లూ ఎక్కువే. ఇలాంటి ఇంట్లో నెలనెలా జీతం వచ్చే కొలువు పెద్ద మాట. అయితే ఆ కొలువు గురించి చెప్పేవాళ్లు ఇక్కడ తక్కువ. పశ్చిమ గోదావరి జిల్లాలోని మిలిటరీ మాధవరంలో తాతలు, తండ్రులు సైన్యంలో పనిచేసినవాళ్లు కాబట్టి శిక్షణ అంటే ఏమిటో ఇంట్లోనే తెలిసిపోతుంది. కోసిగి చుట్టుపక్కల ఊళ్లలో మాత్రం చాలా ఇళ్లకు సైన్యంలో చేరిన మొదటి మనిషి ఆ కుర్రవాడే. అడిగి తెలుసుకోవడానికి పక్కింట్లో కూడా ఎవరూ ఉండరు.

ఎంపిక నుంచి రైలెక్కేదాకా

2022 జూన్ 14న కేంద్ర ప్రభుత్వం అగ్నిపథ్ పథకాన్ని ప్రకటించింది. అప్పటి నుంచి సిపాయి స్థాయి భర్తీ దాదాపు అంతా నాలుగేళ్ల అగ్నివీర్ కొలువుగా జరుగుతోంది. కర్నూలు జిల్లా అభ్యర్థులు గుంటూరులోని ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు పరిధిలోకి వస్తారు. 2023 నుంచి ముందు ఆన్‌లైన్ రాత పరీక్ష, అందులో నెగ్గినవాళ్లకు ర్యాలీ. అక్కడ 1.6 కిలోమీటర్ల పరుగు, పుల్‌అప్స్, తొమ్మిదడుగుల గుంత దూకడం, వైద్య పరీక్ష ఉంటాయి.

ఈ దశలో ఇంటివాళ్ల పని ఎక్కువగా కాగితాలతోనే. కులం, నివాసం, నడవడిక ధ్రువపత్రాలు, పెళ్లి కాలేదన్న పత్రం సిద్ధం చేసుకోవాలి. అబ్బాయికి పద్దెనిమిదేళ్లు నిండకపోతే చేరిక పత్రం మీద తల్లిదండ్రులో సంరక్షకులో సంతకం చేయాలి. అగ్నివీరులుగా పెళ్లికానివాళ్లనే తీసుకుంటారు. కాబట్టి మేనరికం ఉందనో, కట్నం మాట్లాడుకున్నామనో తొందరపడి ముహూర్తం పెట్టించడం కొలువుకే ముప్పు. పత్రాల్లో పేరు, పుట్టిన తేదీ, తండ్రి పేరు ఒక్కొక్క దాంట్లో ఒక్కో రకంగా ఉంటే శిక్షణ మధ్యలో కూడా ఇబ్బంది వస్తుంది. ఆధార్‌లో ఒక అక్షరం తేడా ఉన్నా ముందే సరిచేయించాలి.

సుగ్గికి పోయే ఇళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. నడవడిక విచారణకు పోలీసులు వచ్చే వేళకు ఇంటికి తాళం ఉంటే పని ఆగిపోతుంది. ఊళ్లో ఉండే అవ్వకో, చిన్నాయనకో విషయం చెప్పి, గుంటూరు వైపు ఏ ఊరి మిరప చేలల్లో ఉన్నారో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో పోలీస్ స్టేషన్‌లో రాయించి వెళ్లడం మంచిది.

ఆన్‌లైన్ పరీక్ష రుసుము తప్ప సైన్యం భర్తీకి డబ్బు తీసుకోదు. ఉద్యోగం ఇప్పిస్తామని లక్షలు అడిగే దళారులు కరువు ప్రాంతాల్లోనే ఎక్కువగా తిరుగుతారు. వాళ్లకు ఇచ్చిన డబ్బు తిరిగిరాదు, ఆ దారిన పోయినవాడికి కేసు మిగులుతుంది.

ఎక్కడికి పంపుతారు

కేంద్రం ఎంపిక అభ్యర్థి చేతిలో ఉండదు. తెలుగు యువకులు చాలామంది నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో ఉన్న మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌కు, బెంగళూరు ఉల్సూరు చెరువు దగ్గరి మద్రాస్ ఇంజినీర్ గ్రూప్‌కు, హైదరాబాద్ గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్‌కు, సికింద్రాబాద్‌లోని ఈఎంఈ (మరమ్మతు శాఖ), ఏఓసీ (ఆయుధ సామగ్రి శాఖ) కేంద్రాలకు, మహారాష్ట్రలోని నాసిక్‌కు వెళ్తుంటారు. నౌకాదళానికి ఎంపికైనవాళ్లు ఒడిశాలోని ఐఎన్ఎస్ చిల్కాకు, వాయుసేనవాళ్లు బెళగావికి వెళ్తారు. ఎండకు అలవాటుపడిన కోసిగి కుర్రవాడు సుమారు 1,800 మీటర్ల ఎత్తున ఉన్న వెల్లింగ్టన్ చలిలో తెల్లవారకముందే పరుగు తీయాల్సి వస్తుంది. మొదటి పక్షంలో జలుబు, జ్వరం అని వినబడితే అది ఎక్కువసార్లు ఈ మార్పు వల్లే.

శిక్షణ కాలం కూడా శాఖను బట్టి మారుతుంది. ఆర్టిలరీలో అగ్నివీరుల శిక్షణ 31 వారాలు: 10 వారాలు ప్రాథమిక సైనిక శిక్షణ, 21 వారాలు ఉన్నత శిక్షణ. చిల్కాలో సుమారు 16 వారాలు. మొదటి నౌకాదళ అగ్నివీరుల పాసింగ్ అవుట్ పరేడ్ 2023 మార్చి 28న జరిగింది.

మొదటి వారాలు

చేరిన కొద్ది రోజుల్లోనే తల గుండు చేసినంత పొట్టిగా కత్తిరిస్తారు. వైద్య పరీక్ష మళ్లీ చేస్తారు. బట్టలు, బూట్లు, పెట్టె, పరుపు, సైనిక సంఖ్య ఇస్తారు. బ్యాంకు వివరాలు, నామినీ పేరు రాయించుకుంటారు. నామినీగా ఎవరిని రాయించాలో ఇంట్లో ముందే తేల్చుకుని పంపితే తర్వాత గొడవ ఉండదు.

ఫోన్ మొదట్లో దగ్గర ఉండదు, కంపెనీలో (అతను చేరిన శిక్షణ దళంలో) జమ చేయిస్తారు. తర్వాత ఎక్కువగా ఆదివారం పూట కాసేపు ఇస్తారు. ఈ నియమం కేంద్రాన్ని బట్టి, కంపెనీని బట్టి మారుతుంది. అందువల్ల తోటివాడు ఫోన్ చేశాడు, మనవాడు చేయలేదని బెంగపడాల్సిన పనిలేదు. చేసినా మాటలు పొడిపొడిగా ఉంటాయి. అవతలి నుంచి అమ్మ "అన్నం తింటాండావా నాయనా" అంటే "తింటాండాను మా, పెట్టేస్తాండాను" అని ముగిసిపోతుంది. వెనుక ఇంకా ఇరవై మంది వరుసలో నిలబడి ఉంటారు. నిద్ర లేమి, ఒళ్లు నొప్పులు, ఉస్తాద్ (శిక్షకుడి) అరుపులు తొలి నెలలో అందరికీ ఉండేవే. అప్పుడు "నాకొద్దు, ఇంటికి వచ్చేస్తా" అనే మాట కూడా చాలామంది నోట వస్తుంది.

ఆ మాట విన్న ఇంటివాళ్ల బాధ్యత ఇక్కడ చాలా పెద్దది. అగ్నివీరుడు గడువు ముగియకముందు తనంతట తాను వైదొలగడానికి నిబంధనలు ఒప్పుకోవు. అసాధారణ పరిస్థితుల్లో, అధికారుల అనుమతితోనే సాధ్యం. సెలవు లేకుండా వచ్చేయడం 1950 నాటి ఆర్మీ చట్టం కింద నేరం. ఎవరైనా అలా ఇంటికి చేరితే దాచిపెట్టడం ప్రేమ అనిపించుకోదు. వెంటనే కేంద్రానికి ఫోన్ చేసి, తోడు వెళ్లి అప్పగించడమే అతనికి మేలు. ఎంత త్వరగా తిరిగి వెళ్తే అంత తక్కువ నష్టం.

రోజు కసరత్తు, కవాతు, తుపాకి వాడకం, నేల మీద పాకడం, దాక్కోవడం, పటం చదవడం, సామాను చక్కబెట్టుకునే పనులతో గడుస్తుంది. ఆయుధాలు, పూర్తి సామగ్రితో అయిదు కిలోమీటర్ల పరుగు ఉన్న బీపీఈటీ అనే దేహదారుఢ్య పరీక్షలో నెగ్గాలి. ఆజ్ఞలన్నీ హిందీలో ఉంటాయి. తెలుగు, కన్నడం కలగలిపి పెరిగిన ఈ ప్రాంతపు పిల్లలకు హిందీ మొదట తడబాటు తెప్పిస్తుంది. కవాతు కాళ్లకు వచ్చేసినంత తొందరగా ఆజ్ఞ చెవికి ఎక్కదు. ర్యాలీ కోసం పరుగు ఒక్కటే సాధన చేయించే బదులు, ఆ కాలంలోనే రోజూ కాస్త హిందీ వినడం, మాట్లాడడం అలవాటు చేస్తే శిక్షణలో తిట్లు చాలా తగ్గుతాయి.

పరుగులు, బూట్ల వల్ల మోకాలి కింది ఎముకకు నొప్పి, పగులు రావడం శిక్షణలో మామూలు గాయం. సైనిక ఆస్పత్రిలో వైద్యం ఉచితం. కోలుకోవడానికి వారాలు పడితే అతన్ని వెనుక వచ్చే బ్యాచ్‌లో కలుపుతారు. దీన్నే రెలిగేట్ చేయడం అంటారు. పరీక్షల్లో తప్పినా ఇదే జరుగుతుంది. ఊళ్లో దీన్ని పరువు తక్కువగా చూస్తారు కానీ, అది కొలువు పోవడం కాదు, పరేడ్ తేదీ వెనక్కి జరగడం మాత్రమే. ఇంటివాళ్లు ఆ తేదీకి రైలు టికెట్లు ముందే కొనేసి, తర్వాత కొడుకును నిలదీయకూడదు.

"మీవాడికి దెబ్బ తగిలింది, ఆస్పత్రికి డబ్బు పంపండి" అని తెలియని నంబరు నుంచి పిలుపు వస్తే పైసా పంపవద్దు. చేరినప్పుడు ఇచ్చిన కేంద్రం నంబరుకే ఫోన్ చేసి కనుక్కోవాలి. ఇంట్లో చావు, తీవ్ర జబ్బు వంటి కష్టం వస్తే కూడా ఆ నంబరుకే చెప్పాలి. కాగితం ఆధారం ఉంటే అత్యవసర సెలవు త్వరగా తేలుతుంది. శిక్షణలో పండక్కి, ఉరుకుంద ఈరన్న స్వామి శ్రావణ ఉత్సవాలకు సెలవు దొరుకుతుందని ఆశ పెట్టుకోవద్దు.

జీతం, సేవా నిధి, బీమా

మొదటి ఏడాది నెల ప్యాకేజీ 30,000 రూపాయలు. అందులో 30 శాతం, అంటే 9,000 రూపాయలు సేవా నిధికి పోగా చేతికి 21,000 వస్తాయి. అంతే మొత్తాన్ని ప్రభుత్వమూ నిధిలో వేస్తుంది. నాలుగో ఏడాదికి ప్యాకేజీ 40,000 అవుతుంది. నాలుగేళ్ల తర్వాత వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షలు అందుతాయి. పింఛను, గ్రాట్యుటీ లేవు. ఈ లెక్క తెలియక మొదటి జీతానికే అప్పులన్నీ తీరతాయనుకునే ఇళ్లున్నాయి. సుగ్గి అడ్వాన్సు, కోచింగ్ అకాడమీ ఫీజు ఒకేసారి కొడుకు మెడకు తగిలించడం న్యాయం కాదు. మొదటి నెలల్లో పత్రాలు సర్దుకునేదాకా డబ్బు ఆలస్యం కావచ్చు కూడా.

అగ్నివీరుడికి తన వాటా ఏమీ కట్టాల్సిన అవసరం లేని 48 లక్షల జీవిత బీమా ఉంటుంది. ఈ మాట ఇంట్లో ఎవరూ ఎత్తడానికి ఇష్టపడరు. కానీ ఆ బీమా అక్కరపడే పరిస్థితిని రాయలసీమ దగ్గరగా చూసింది. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కళ్లి తండాకు చెందిన అగ్నివీరుడు మురళీ నాయక్ 2025 మే 9న నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో అమరుడయ్యాడు. ఆయన తల్లిదండ్రులూ కూలి పనుల కోసం ముంబైకి వలస వెళ్లినవాళ్లే. నామినీ పత్రం, బ్యాంకు ఖాతా, ఆధార్ పేర్లు సరిపోలాలని పైన చెప్పిన జాగ్రత్త ఇలాంటి కుటుంబాలకే అన్నిటికన్నా అవసరం.

కసమ్ పరేడ్

శిక్షణ పూర్తయినవాళ్లు జాతీయ జెండా సాక్షిగా, తమ తమ మత గ్రంథాల మీద ప్రమాణం చేసే కవాతు ఇది. తల్లిదండ్రులను పిలుస్తారు. కొడుకును సైన్యానికి ఇచ్చినందుకు గౌరవ్ పదక్ అనే పతకాన్ని వాళ్లకు పెడతారు. ఎన్నడూ కర్నూలు దాటని తల్లి చీర కొంగు మీద ఆ పతకం పెట్టుకుని, బూట్ల చప్పుడు మధ్య వందలమంది ఒకేలా ఉన్న కుర్రవాళ్లలో తనవాణ్ని వెతుక్కుంటుంది. బక్కచిక్కి, నల్లబడి, నిటారుగా నిలబడ్డ మనిషిని గుర్తుపట్టడానికి కొంతసేపు పడుతుంది. పరేడ్‌కు వెళ్లేవాళ్లు గుర్తింపు కార్డులు వెంట ఉంచుకోవాలి, ఎంతమందికి అనుమతో ముందే కనుక్కోవాలి.

ఆ తర్వాత కొద్ది రోజుల సెలవు ఇచ్చి యూనిట్‌కు పంపుతారు. అక్కడి నుంచి ఏడాదికి 30 రోజుల సెలవు. నాలుగేళ్లు నిండాక ఒక్కో బ్యాచ్ నుంచి గరిష్ఠంగా 25 శాతం మందిని రెగ్యులర్ సర్వీసులోకి తీసుకుంటారు. సెలవు, పత్రాలు, సహాయం గురించి సందేహం ఉన్నవాళ్లు కర్నూలులోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని అడగవచ్చు.