పన్నెండు మెట్ల కిన్నెర: వాడ నుంచి వెండితెరకు

కిన్నెర పాలమూరు పల్లెల్లో కథలు చెప్పేటప్పుడు మీటే తంత్రీవాద్యం. నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉప్పునుంతల, అచ్చంపేట, లింగాల మండలాలున్న నల్లమల చుట్టుపక్కల ప్రాంతం నుంచే ఈ వాద్యం సినిమా దాకా వెళ్లింది.

దీని చరిత్ర పాతది. 13వ శతాబ్దంలో శార్ఙ్గదేవుడు రాసిన సంగీతరత్నాకరం కిన్నరీవీణల్లో రకాలను వర్ణించింది. పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో కిన్నెర మీటే కిన్నర బ్రహ్మయ్య అనే శివభక్తుడి కథ ఉంది. శాస్త్రగ్రంథాల్లో చోటున్న వాద్యమే అయినా, తెలంగాణలో దాన్ని నిలబెట్టింది మాత్రం ఊరూరా తిరిగిన కథకులు.

వెదురు బొంగుకు కింద ఎండిన సొరకాయ బుర్రలు కడతారు. అవే నాదాన్ని పెంచుతాయి. బొంగు మీద మెట్లను మైనంతో నిలుపుతారు. ఒక చేతి వేళ్లు మెట్ల మీద నడుస్తుంటే రెండో చెయ్యి తీగను మీటుతుంది. మెట్లు పన్నెండు ఉంటే అది పన్నెండు మెట్ల కిన్నెర.

తెలంగాణలో కిన్నెర డక్కలి వారి వాద్యంగా పేరుపడింది. మాదిగలకు ఆశ్రిత కులమైన డక్కలి కళాకారులు మాదిగ వాడలకు వెళ్లి వారి కులపురాణమైన జాంబపురాణం చెప్పేవారు, వంశావళి చదివేవారు. ప్రతిఫలం అడుక్కునేది కాదు, ఆనవాయితీగా వచ్చే హక్కు. పోషించే కుటుంబాలు బతుకుదెరువుకు వలసపోవడంతో ఆ రాబడి తగ్గింది, కిన్నెర పట్టే చేతులూ తగ్గాయి.

పురాణాలతో పాటు స్థానిక వీరుల కథలూ కిన్నెర మీద పలికాయి. వాటిలో ముఖ్యమైనది పండుగ సాయన్న కథ. నిజాం కాలంలో ఉన్నవాళ్లను కొట్టి లేనివాళ్లకు పెట్టినవాడిగా పాలమూరు జనం ఆయనను తలుచుకుంటారు.

లింగాల మండలం అవుసలకుంటకు చెందిన దర్శనం మొగులయ్య ఈ కథలను పాడి పేరు పొందారు. 2021 సెప్టెంబరులో తమన్ సంగీతంలో విడుదలైన భీమ్లా నాయక్ సినిమా పాట ఆయన గొంతుతోనే మొదలవుతుంది. 2022 జనవరిలో ఆయనకు పద్మశ్రీ ప్రకటించారు. సినిమా ఫిబ్రవరి 25న వచ్చింది.

భీమ్లా నాయక్ పాట ఎత్తుగడలో కథానాయకుడి పుట్టుక, తల్లిదండ్రుల పేర్లు, తాత ముత్తాతల పేర్లు వరసగా వస్తాయి. వాడలో వంశావళి చెప్పే పద్ధతి ఇదే. ఇంటిపెద్ద స్థానంలోకి సినిమా హీరో వచ్చాడు, అంతే తేడా. సినిమా ఈ వాద్యానికి పేరు తెచ్చింది గాని పోషకుల స్థానాన్ని భర్తీ చేయలేదు. పాట ముందు వచ్చే కొద్ది పాదాలతో కళాకారుడి ఇల్లు గడవదు. నేర్చుకునే పిల్లలు, కథంతా కూర్చుని వినే శ్రోతలు ఉంటేనే కిన్నెర బతుకుతుంది.